ఫోస్టర్ ఇల్లు: రెస్క్యూ కుక్కకు కొన్నాళ్ళు చోటిచ్చేవారి హక్కులు, బాధ్యతలు

షెల్టర్లో ఒక బోను ఖాళీ అయితేనే రోడ్డు మీద పడి ఉన్న ఇంకో కుక్క లోపలికి వస్తుంది. కాలు విరిగి ఆపరేషన్ అయిన కుక్క, తల్లి పోయిన పప్పీలు, ఇల్లు మారుతూ యజమాని గేటు బయట వదిలేసి వెళ్ళిన లాబ్రడార్, ఇవన్నీ శాశ్వతమైన ఇల్లు దొరికేదాకా ఎక్కడో ఒకచోట ఉండాలి. ఎవరో ఒకరు తమ ఇంట్లో ఆ చోటు ఇస్తే దాన్నే ఫోస్టర్ అంటున్నాం. హైదరాబాద్‌లో 1992లో అమల అక్కినేని ప్రారంభించిన బ్లూ క్రాస్ లాంటి పెద్ద సంస్థల నుంచి నలుగురు స్నేహితులు కలిసి నడిపే వాట్సాప్ గ్రూపుల దాకా అందరికీ కొరతగా ఉన్నది డబ్బు కంటే ఇలాంటి ఇళ్ళే.

ముందుకు రావాలనుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు. ఓనరు ఏమంటాడో, కరిస్తే ఎవరు బాధ్యులో, ఖర్చు ఎవరు పెట్టాలో తెలియక ఆగిపోతున్నారు. మన దేశంలో ఫోస్టర్ కోసమే రాసిన చట్టం ఒకటంటూ లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం, 1960 నాటి జంతు హింస నివారణ చట్టం, 2023 నాటి జంతు సంతాన నియంత్రణ నిబంధనలు, 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత, వీటిలో తలా కొంత ఉంది. మిగిలినదంతా మీరూ సంస్థా రాసుకునే కాగితంలో ఉండాలి. ఆ కాగితం గురించి నేను గట్టిగానే మాట్లాడతాను, ఎందుకంటే అది లేకపోవడం వల్ల చివరికి నష్టపోయేది కుక్కే.

ఫోస్టర్ అంటే దత్తతేనా?

కాదు. దత్తత తీసుకున్న కుక్క మీది. ఫోస్టర్‌కి తెచ్చుకున్న కుక్క సంస్థది, లేదా దాన్ని రక్షించిన వ్యక్తిది. మీ దగ్గర ఉండేది కొంత గడువు వరకే. రెండు వారాలు కావచ్చు, ఆర్నెల్లు కావచ్చు.

అయితే ఒక విషయంలో చట్టానికి ఈ తేడా లేదు. జంతు హింస నివారణ చట్టం మూడో సెక్షన్ యజమాని మీదనే కాక, జంతువు ఎవరి సంరక్షణలో ఉందో వారి మీద కూడా దాని క్షేమం చూసే బాధ్యత పెట్టింది. తిండి, నీళ్ళు, నీడ లేకుండా ఉంచడం, పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టేయడం పదకొండో సెక్షన్ కింద నేరాలు. ఆకలిదప్పులతో బాధపడేలా వదిలేయడమూ నేరమే. "నా కుక్క కాదు కదా, కొన్నాళ్ళకి తెచ్చాను" అంటే చెల్లదు. మొదటి తప్పుకి ఆ చట్టం వేసే జరిమానా ఇప్పటికీ 10 నుంచి 50 రూపాయలు. అరవై ఏళ్ళ కిందట రాసిన అంకె అది. అది చూసి చట్టాన్ని తేలిగ్గా తీసుకునేవాళ్ళున్నారు. మారాల్సింది ఆ అంకె, మన బాధ్యత కాదు.

దీనికి లైసెన్సు తీసుకోవాలా?

ఫోస్టర్ చేయడానికంటూ లైసెన్సు లేదు. పెంపుడు కుక్కకి మాత్రం స్థానిక సంస్థలో రిజిస్ట్రేషన్ ఉండాలి. జీహెచ్ఎంసీ పరిధిలోనూ ఉండాలి. కుక్క శాశ్వతంగా ఎవరింటికి వెళ్తుందో వారి పేరు మీద అది జరగడం మంచిది. ఈలోగా ఎవరైనా అడిగితే చూపడానికి రేబిస్ టీకా కార్డు, సంస్థ ఇచ్చిన ఫోస్టర్ లెటరు ఫోనులోనూ ఇంట్లోనూ ఉంచుకోండి. ఆర్నెల్లు దాటి మీ దగ్గరే ఉండేలా ఉంటే రిజిస్ట్రేషన్ ఎవరి పేరు మీద చేయించాలో సంస్థతో అప్పుడే తేల్చుకోండి.

సంతకం పెట్టే కాగితంలో ఏమేం ఉండాలి?

చాలా చోట్ల అసలు కాగితమే ఉండదు. రాత్రి పదింటికి ఫోన్ వస్తుంది, పదకొండింటికి ఆటోలో కుక్క వస్తుంది, మాటలన్నీ వాట్సాప్‌లో నడుస్తాయి. అత్యవసరంలో అలా జరగడం సహజమే. మరునాడైనా రాసుకోండి. స్టాంపు పేపరు లేకపోయినా ఫర్వాలేదు, తెల్ల కాగితం మీద ఇరువైపులా సంతకాలుండాలి. కనీసం వాట్సాప్‌లో షరతులన్నీ ఒకే మెసేజ్‌గా పెట్టి అటువైపు నుంచి "సరే" అనిపించుకోండి.

అన్నిటికంటే ముందు కుక్క ఎవరిదో రాయాలి. ఆ తర్వాత దాని చరిత్ర: ఎక్కడ దొరికింది, ఎవరినైనా కరిచిందా, ఏ టీకాలు పడ్డాయి, ఏ మందు నడుస్తోంది. కరిచిన చరిత్ర దాచిపెట్టి కుక్కను అప్పగించడం ఎంత మంచి సంస్థ చేసినా తప్పే. అది తెలుసుకోవడం మీ హక్కు, గట్టిగా అడగండి.

గడువు రాయండి. "అడాప్షన్ అయ్యేదాకా" అని రాసి ఊరుకోవద్దు. ఒక తేదీ వేసి, ఆ రోజుకి ఇల్లు దొరక్కపోతే ఎవరు తీసుకెళ్తారో రాయాలి. మధ్యలో మీకు కుదరకపోతే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, చెప్పాక సంస్థ ఎన్ని రోజుల్లో వెనక్కి తీసుకోవాలి అనేది కూడా ఉండాలి. నాకు తెలిసిన గొడవల్లో ఎక్కువ ఈ ఒక్క వాక్యం లేకపోవడం వల్లే వచ్చాయి.

అత్యవసర వైద్యం గురించి మరో మాట. అర్ధరాత్రి కుక్కకి ఫిట్స్ వచ్చి సంస్థవాళ్ళు ఫోనుకి దొరకకపోతే, ఏ క్లినిక్‌కి తీసుకెళ్ళాలి, ఎంత మొత్తం వరకు మీరే నిర్ణయం తీసుకోవచ్చు అనేది అంకెతో సహా రాయించుకోండి. పెద్ద ఆపరేషన్, కారుణ్య మరణం లాంటివి సంస్థ అనుమతి లేకుండా మీరు ఒప్పుకోలేరు.

కోర్టు కేసులో పట్టుబడిన కుక్క అయితే, అక్రమంగా బ్రీడింగ్ చేసే చోట నుంచి పోలీసులు తెచ్చినదనుకోండి, కేసు తేలేదాకా దాని మీద నిర్ణయం మెజిస్ట్రేటుది. అలాంటిదాన్ని దత్తత ఇవ్వడానికి సంస్థకీ హక్కు ఉండదు. కేసు నంబరు అడిగి ఉంచుకోండి.

ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?

సాధారణంగా వైద్యం సంస్థది, తిండి ఫోస్టర్‌ది. ఇది ఆనవాయితీయే తప్ప నియమం కాదు. మీరు జీతం తీసుకోకుండా వేరొకరి వస్తువును కాపాడుతుంటే, అందుకైన అవసరమైన ఖర్చును అప్పగించినవారు తిరిగి ఇవ్వాలని కాంట్రాక్టు చట్టం 158వ సెక్షన్ అంటోంది. చట్టం దృష్టిలో పెంపుడు జంతువు ఆస్తి కిందికే వస్తుంది. వినడానికి కష్టంగా ఉన్నా, ఇక్కడ మాత్రం ఆ లెక్కే మీకు పనికొస్తుంది. ఒప్పందంలో వేరే విధంగా రాసుకుంటే ఆ ప్రకారమే నడుస్తుంది. బిల్లులు మాత్రం దాచండి.

కోడిగుడ్డు, చికెన్, అన్నంతో ఒక మోస్తరు ఇండీ కుక్క ఇంటి వంట మీద హాయిగా బతుకుతుంది. ఉల్లి, వెల్లుల్లి పడిన పులుసులు, ద్రాక్ష, చాక్లెట్, ఉడికిన కోడి ఎముకలు పెట్టకూడదు. నొప్పి ఉందని మనం వేసుకునే ఐబుప్రోఫెన్ మాత్ర వేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

అపార్టుమెంటు అసోసియేషన్ కుక్కలు వద్దని తీర్మానం చేసింది. ఇప్పుడు ఫోస్టర్ చేయలేనా?

చేయవచ్చు. పెంపుడు కుక్కల్ని నిషేధించే అధికారం అసోసియేషన్‌కి లేదు. సర్వసభ్య సమావేశంలో మెజారిటీతో నెగ్గించుకున్నా లేదు. భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ మాట నేరుగా చెప్పాయి. కుక్క జాతిని బట్టి, సైజును బట్టి వద్దనడానికి వీల్లేదు. లిఫ్టు వాడొద్దనడానికీ, మొరుగుతోందని ఖాళీ చేయించడానికీ వీల్లేదు. నివాసితుల సంఘాల నియమావళిలో పెంపుడు జంతువుల్ని నిషేధించే క్లాజు చెల్లదని 2021లో కేరళ హైకోర్టు కూడా తీర్పిచ్చింది. వేరే రాష్ట్రం తీర్పే అయినా మన దగ్గర వాదించేటప్పుడు చూపించదగ్గదే.

మార్గదర్శకాలు ఇంకో చేతితో మన మీద పెట్టినవీ ఉన్నాయి. లీష్ లేకుండా బయటికి తీసుకెళ్ళకూడదు, మెట్ల మీదా పార్కులోనూ చేసినది మనమే ఎత్తాలి, రాత్రంతా మొరిగితే ఎందుకు మొరుగుతోందో చూడాలి. ఫోస్టర్ చేసేవాళ్ళ విషయంలో ఇవి ఇంకా గట్టిగా పాటించాలని నా అభిప్రాయం. కొత్తగా వచ్చిన కుక్క తొలి పది రోజుల్లో మొరుగుతుంది, వణుకుతుంది, లిఫ్టు చూసి బెదిరిపోతుంది. పైనా కిందా పక్కన ఉన్న ఇళ్ళకి ముందే వెళ్ళి చెప్పండి: "ఒక కుక్క కొన్నాళ్ళు ఉంటుంది, టీకాలు వేయించాం, ఇబ్బందైతే నాకు ఫోన్ చేయండి." సెక్షన్లు వల్లించే పని చాలాసార్లు అక్కడితో తప్పిపోతుంది.

అద్దె ఇల్లయితే లెక్క వేరు. ఓనరుకీ మీకూ మధ్య ఉన్నది ప్రైవేటు ఒప్పందం. అగ్రిమెంటులో పెంపుడు జంతువులు వద్దని ఉండి, మీరు సంతకం పెట్టి ఉంటే అసోసియేషన్ మీద చెల్లే వాదన ఓనరు మీద చెల్లుతుందని అనుకోకండి. గుట్టుగా తేవద్దు. వారం రోజుల్లో తెలిసిపోతుంది, కుక్క మళ్ళీ రోడ్డు పాలవుతుంది. ఓనరుతో మాట్లాడి, నష్టం జరిగితే భరిస్తామని రాసిచ్చి, అనుమతి మెసేజ్ రూపంలో తీసుకోండి.

పక్కింటివాళ్ళు విషం పెడతామని బెదిరిస్తున్నారు. ఏం చేయాలి?

జంతువును చంపడం, విషం పెట్టడం, అవిటిదాన్ని చేయడం భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద నేరం. ఐదేళ్ళ దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. బెదిరింపు మెసేజ్‌గా వస్తే దాచి, పోలీస్ స్టేషన్లో రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి.

ఇంకో మాట కూడా చెప్పాలి. 2023 ఫిబ్రవరిలో అంబర్‌పేటలో నాలుగేళ్ళ పిల్లాడు వీధి కుక్కల దాడిలో చనిపోయాడు. ఆ వీడియో చూసిన తల్లిదండ్రులెవరూ దాన్ని మర్చిపోలేదు. మీ పొరుగింటి భయం ఉత్త మొండితనం కాకపోవచ్చు. వాళ్ళ పిల్లలు ఆడుకునే వేళ తెలుసుకుని మీ వాకింగ్ వేళ మార్చుకోండి, టీకా కార్డు చూపించండి. కుక్కల మీద ప్రేమ ఉన్నవాళ్ళమే ముందుగా ఆ భయాన్ని గౌరవించాలి.

సంస్థ ఏదీ లేదు. మా వీధి కుక్కనే ఇంటికి తెచ్చి, ఎవరికైనా దత్తత ఇవ్వొచ్చా?

దెబ్బ తగిలిన కుక్కని, తల్లి లేని పప్పీని తెచ్చి కాపాడడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆరోగ్యంగా వీధిలో బతుకుతున్న కుక్క సంగతి వేరు. 2023 నిబంధనల ప్రకారం ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టుకున్న చోటే వదలాలి. ఒక కాలనీ నుంచి ఎత్తుకెళ్ళి ఇంకో కాలనీలో దించేయడం తప్పు. చెవి కొన కత్తిరించి ఉంటే దానికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిందని గుర్తు.

2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చిన ఉత్తర్వు ఇందులో ముఖ్యమైనది. అంతకు ముందు ఆగస్టు 11న ఢిల్లీ పరిసరాల్లోని వీధి కుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమని వచ్చిన ఆదేశాన్ని అది మార్చింది. ఆపరేషన్, టీకా, నట్టల మందు అయ్యాక కుక్కల్ని వెనక్కి వదలాలంది. రేబిస్ ఉన్నవాటినీ, ఉందని అనుమానమున్నవాటినీ, దాడి చేసే స్వభావమున్నవాటినీ మాత్రం మినహాయించింది. కేసును అన్ని రాష్ట్రాలకూ విస్తరించింది. వీధి కుక్కను దత్తత తీసుకోవాలనుకునేవారు మునిసిపాలిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చనీ, ట్యాగ్ వేసి ఇస్తారనీ, అలా తీసుకున్న కుక్క మళ్ళీ వీధిలోకి రాకుండా చూడాల్సింది తీసుకున్నవారేననీ చెప్పింది. ఎక్కడబడితే అక్కడ రోడ్డు మీద తిండి పెట్టకూడదనీ, వార్డుకి కేటాయించిన చోటనే పెట్టాలనీ కూడా అందులోనే ఉంది. 2025 నవంబరు 7న మరో ఉత్తర్వు వచ్చింది. బడులు, ఆస్పత్రులు, స్టేడియాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లో ఉండే కుక్కల్ని షెల్టర్లకు తరలించాలి, ఆపరేషన్ అయ్యాక కూడా అక్కడికే తిరిగి వదలకూడదు.

దీని ఫలితం ఏమిటో ఆలోచించండి. ఆస్పత్రి ఆవరణలో నర్సుల చేతి అన్నం తిని పెరిగిన కుక్కకు ఇప్పుడు వెనక్కి వెళ్ళే చోటు లేదు. షెల్టరైనా ఉండాలి, ఇల్లైనా ఉండాలి. మనుషులకి అలవాటైన అలాంటి కుక్కలకి ఫోస్టర్ ఇల్లు నిజంగా అక్కరకొస్తుంది. 2025 ఆగస్టులో జీహెచ్ఎంసీ బంజారాహిల్స్ జలగం వెంగళరావు పార్కులో దేశవాళీ పప్పీల దత్తత మేళా పెట్టింది. అలాంటివి ప్రతి సర్కిల్లో, విజయవాడలో, వరంగల్లో ఏటా పలుమార్లు జరగాలి.

మీరే రక్షించిన కుక్క అయితే ఫోటోలు, దొరికిన చోటు, తేదీ, డాక్టరు చీటీ అన్నీ ఒకచోట పెట్టుకోండి. దాన్ని మీరు ఎత్తుకొచ్చారని ఎవరన్నా అంటే అవే మీ సాక్ష్యం.

ఇంట్లో ఇప్పటికే ఒక కుక్క ఉంది. ఇంకోదాన్ని తేవచ్చా?

మీ కుక్క టీకాలు పూర్తయి ఉంటే తేవచ్చు. కొత్తదాన్ని రెండు వారాలు వేరే గదిలో, వేరే గిన్నెలతో ఉంచాలి. ఎందుకంటే పార్వో, డిస్టెంపర్ లోపల ఉన్నా మొదటి రోజుల్లో పైకి కనబడవు. పార్వో వైరస్ నేలలో నెలల తరబడి బతుకుతుంది. ఫినాయిల్ చల్లామని ధీమాగా ఉండొద్దు, బ్లీచింగ్ నీళ్ళతో కడగాలి. పార్వోతో ఒక పప్పీ పోయిన ఇంట్లోకి టీకాలు పూర్తికాని మరో పప్పీని ఏడాది దాకా తేకపోవడమే క్షేమం. సంస్థ అడగకపోయినా ఈ సంగతి మీరే చెప్పాలి.

మన వాతావరణంలో పిడుదులు మరో బెడద. వాటి నుంచి వచ్చే జ్వరాలతో కుక్క తిండి మానేసి, చిగుళ్ళు పాలిపోయి కూలబడుతుంది. రెండు రోజులు చూద్దామనుకోకుండా రక్త పరీక్ష చేయించండి.

ఫోస్టర్ కుక్క ఎవరినైనా కరిస్తే బాధ్యత నాదా, సంస్థదా?

ముందు వైద్యం, తర్వాత బాధ్యత. గాయాన్ని సబ్బు రాసి, ధారగా పారే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం ఏదీ పెట్టకూడదు. కట్టు కట్టకుండా అదే రోజు ఆస్పత్రికి వెళ్ళాలి. ప్రభుత్వ ఆస్పత్రుల్లో చర్మంలోకి ఇచ్చే టీకా 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. రక్తం వచ్చిన గాయమైతే దాంతో పాటు ఇమ్యునోగ్లోబులిన్ కూడా కావాలి, దాన్ని అడిగి వేయించుకోండి. కుక్కని పది రోజులు గమనించాలన్నది నిజమే కానీ, ఆ పది రోజులు చూసి టీకా వేయించుకుందామనుకోవడం ప్రాణాంతకం. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక మందు లేదు.

ఇక బాధ్యత. భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ జంతువు "యజమాని" గురించి మాట్లాడదు. ఎవరి స్వాధీనంలో ఉందో వారి గురించి మాట్లాడుతుంది. మనుషులకు ప్రమాదం కలగకుండా తీసుకోవాల్సిన జాగ్రత్త తీసుకోకపోతే ఆర్నెల్ల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అంటే గేటు తెరిచిపెట్టినా, లీష్ లేకుండా తీసుకెళ్ళినా జవాబు చెప్పాల్సింది మీరే. కరిచే అలవాటుందని తెలిసీ సంస్థ మీకు చెప్పలేదనుకోండి, అప్పుడు చరిత్ర రాసిన ఆ కాగితం మీకు అండ. అందుకే దాని గురించి ముందే అంత చెప్పాను.

తరచూ ఫోస్టర్ చేసేవాళ్ళు కరవక ముందే వేయించుకునే రేబిస్ టీకా గురించి డాక్టర్ని అడగండి. మూడు నెలలు దాటిన ఏ కుక్కకైనా రేబిస్ టీకా పడిందో లేదో చూసుకోండి.

నా దగ్గర ఉండగా కుక్క చనిపోయినా, తప్పిపోయినా నష్టపరిహారం కట్టాలా?

తన సొంత వస్తువును ఒక వివేకవంతుడు ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్త మీరు తీసుకుని ఉంటే నష్టానికి మీరు బాధ్యులు కారు. కాంట్రాక్టు చట్టం 151, 152 సెక్షన్లు ఈ మాటే చెబుతాయి. ఒప్పందంలో అంతకంటే ఎక్కువ బాధ్యత మీరు ఒప్పుకుని ఉంటే అది వర్తిస్తుంది. కాబట్టి "ఏ కారణం చేత చనిపోయినా ఫోస్టరే బాధ్యులు" అని రాసి ఉంటే సంతకం పెట్టకండి.

కుక్కలు ఎక్కువగా తప్పిపోయేది మొదటి వారంలోనూ, దీపావళి రాత్రీ. మెడపట్టీ ఒక్కటే చాలదు. భయపడిన కుక్క వెనక్కి గుంజుకుంటే తల జారిపోతుంది, హార్నెస్ కూడా వేయండి. టపాసుల వేళ లోపలి గదిలో కిటికీలు మూసి, పక్కన ఒక మనిషి ఉండాలి. పోతే గంటలోపే సంస్థకి చెప్పండి. భయంతో ఆలస్యం చేసినకొద్దీ వెతికే పరిధి పెరుగుతుంది.

మా దగ్గరున్న కుక్క పిల్లల్ని పెట్టింది. అవి ఎవరివి?

సంస్థవే. వేరే ఒప్పందం లేకపోతే, అప్పగించిన దానితో పాటు దానికి కలిగిన వృద్ధి కూడా అసలువారికే చెందుతుంది. కాంట్రాక్టు చట్టం 163వ సెక్షన్ ఇందుకు ఇచ్చిన ఉదాహరణ ఆవు, దూడలదే. వాటిని అమ్మడానికి మీకూ సంస్థకీ ఇద్దరికీ వీల్లేదు. కుక్కల బ్రీడింగ్, అమ్మకం మీద 2017 నుంచి వేరే నిబంధనలున్నాయి. ఎనిమిది వారాలు నిండని పిల్లల్ని తల్లి నుంచి వేరు చేసి ఎవరికీ ఇవ్వకండి, ఎంత ముచ్చటపడి అడిగినా సరే.

దొరికిన కుక్కకి అసలు యజమాని వస్తే?

ఫోటోలు, టీకా కార్డు, మైక్రోచిప్ లాంటి రుజువు అడగండి. రుజువు చేస్తే తిరిగి ఇవ్వాల్సిందే. దొరికిన వస్తువును కాపాడినవారు తమ ఖర్చు రాబట్టుకోవడానికి దావా వేయలేరు కానీ, ఖర్చు ఇచ్చేదాకా వస్తువును ఉంచుకోవచ్చని కాంట్రాక్టు చట్టం 168వ సెక్షన్ అంటోంది. యజమాని ప్రకటించిన బహుమానం ఉంటే దానికోసం దావా వేయవచ్చు. హింస ఆనవాళ్ళున్న కుక్కని మాత్రం మౌనంగా అప్పగించకండి. డాక్టరు చేత రాయించి, పోలీసులకి ఫిర్యాదు ఇచ్చి, వారి సమక్షంలోనే ఏం చేయాలో తేల్చుకోండి.

నాకు దాన్ని వదలబుద్ధి కావట్లేదు. ఉంచేసుకోవచ్చా?

అడగవచ్చు. చాలా సంస్థలు ఫోస్టర్‌కే మొదటి అవకాశం ఇస్తాయి. ఇవ్వాలని చట్టం లేదు, కావాలనుకుంటే ఆ షరతు ముందే రాయించుకోవాలి. సంస్థ కాదంటే కుక్కని అప్పగించకుండా దాచడం తప్పు. ఉంచుకునే ముందు ఒక్క లెక్క వేయండి: పన్నెండేళ్ళు కుక్కను చూసుకోవడం వేరు, పన్నెండు వారాలు చూసుకోవడం వేరు. మీరు ఉంచేసుకుంటే దానికి ఇల్లు దొరుకుతుంది, మీ ఇంట్లో రాబోయే కుక్కకి చోటు పోతుంది. రెండూ మంచి నిర్ణయాలే. తొందరపడకుండా తీసుకోండి.

దత్తతకి వచ్చేవాళ్ళని నేను కాదనవచ్చా?

చివరి మాట సంస్థది. కానీ ఆ కుక్క రాత్రి ఎలా నిద్రపోతుందో, చీపురు చూసి ఎందుకు ముడుచుకుపోతుందో తెలిసింది మీకే. మీ అభిప్రాయం రాతలో తీసుకోమని అడగండి. కాపలాకి కట్టేయడానికి కావాలనేవాళ్ళు, ఇంట్లో ఒక్కరే ఒప్పుకుని మిగతావాళ్ళు మొహం తిప్పుకున్నవాళ్ళు వస్తే మొహమాటపడకండి, సంస్థకి చెప్పండి. ఇచ్చే రోజున మందుల చీటీ, టీకా కార్డు, తినే వేళలు, భయాలు అన్నీ ఒక కాగితం మీద రాసివ్వండి. ఇచ్చాక వెళ్ళి చూసే హక్కు మీకు ఉండదు, దత్తత పత్రంలో రాస్తే తప్ప. కుదరకపోతే సంస్థకే తిరిగి ఇవ్వాలి, వేరే ఎవరికీ దాటించకూడదు అనే షరతు మాత్రం ప్రతి పత్రంలో ఉండాలి.

సంక్రాంతికి ఊరెళ్ళాలి. కుక్కని ఏం చేయాలి?

నెల ముందే సంస్థకి చెప్పండి. ఆ వారం నగరమంతా ఖాళీ అవుతుంది, బోర్డింగ్‌లు నిండిపోతాయి. వాచ్‌మన్‌కి డబ్బులిచ్చి గొలుసుతో వదిలి వెళ్ళడం మాత్రం వద్దు. రైల్లో వెంట తీసుకెళ్ళాలంటే ఫస్ట్ ఏసీలో మొత్తం కూపే మీ పేరున ఉండాలి, లేదంటే గార్డు బ్రేక్ వ్యాన్‌లోని డాగ్ బాక్సే గతి. భయం తీరని కుక్కని ఆ బాక్సులో పెట్టడం నాకు మనసొప్పదు.

కుక్కని ఇచ్చాక సంస్థ ఫోన్ ఎత్తట్లేదు.

గడువు దాటాక కుక్కని వెనక్కి తీసుకోమని మెయిల్, వాట్సాప్, రిజిస్టర్డ్ పోస్టు మూడింటిలో పంపండి. అప్పటిదాకా అయిన ఖర్చు బిల్లులు జత చేయండి. ఎన్ని కష్టాలున్నా వాళ్ళ గేటు దగ్గర కట్టేసి రాకండి. అలా వదిలేస్తే తప్పు మీ మీదికి వస్తుంది. మరో సంస్థ సాయంతో దత్తత వెతుక్కుంటున్నామని కూడా అదే లేఖలో రాసి ఉంచండి.

అమెరికాలో ఉన్న మా అమ్మాయి దీన్ని దత్తత తీసుకుంటానంటోంది. పంపవచ్చా?

పంపవచ్చు, కానీ నెలల ముందు నుంచి సిద్ధపడాలి. కుక్కల ద్వారా రేబిస్ వచ్చే ముప్పు ఎక్కువగా ఉన్న దేశాల జాబితాలో అమెరికా మనల్ని పెట్టింది. 2024 ఆగస్టు 1 నుంచి అక్కడి నియమం ప్రకారం కుక్కకి ఆర్నెల్లు నిండాలి, మైక్రోచిప్ ఉండాలి. ఇక్కడ టీకా వేసిన కుక్క అయితే ప్రభుత్వ పశువైద్యాధికారి ధ్రువీకరించిన ఫారం, అక్కడివారు ఆమోదించిన ల్యాబులో రేబిస్ యాంటీబాడీల రక్త పరీక్ష, దిగే విమానాశ్రయంలో గుర్తింపు పొందిన కేంద్రంలో ముందస్తు బుకింగ్ కావాలి. ఆ రక్త పరీక్ష లేకపోతే 28 రోజులు క్వారంటైన్, ఆ ఖర్చంతా మీదే. ముందు చిప్ పెట్టించి, ఆ తర్వాతే రేబిస్ టీకా వేయించండి, తిరగేస్తే ఆ టీకా లెక్కలోకి రాదు. రక్త పరీక్ష ఫలితం చేతికొచ్చాకే విమానం టికెట్టు కొనండి.